పగిలిన కొయ్య – పాత్రత

"మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెత మన ఇండ్లలో తరచుగా వినబడునదే. చెడు సావాసమున పడిన యువకుని గురించియు, నడివయస్సు దాటిన పిదప దీక్ష కోరి వచ్చినవానిని గురించియు, త్రాగుడు మాని మరల మనిషిగా బ్రతుకదలచిన వానిని గురించియు పెద్దలు ఈ మాటనే చెప్పి చేతులు దులుపుకొనుచుందురు. సామెతలో అబద్ధము లేదు. ఎండిన మాను వంగదు, వంచబోయినచో విరుగును. అయితే ఈ సామెతను తీర్పుగా చేసికొనువారు ఒక సంగతిని మరచుచున్నారు. కొయ్యతో చేయదగిన పని వంచుట ఒక్కటియే కాదు. తరిమెన పట్టు పనివాడు, అనగా నేటి వాడుకలో లేతుమీద పనిచేయువాడు, కొయ్యను వంగుమని ఎన్నడును అడుగడు. ఎండిన మానునుండి, అందును బీటలు వారిన గట్టి మానునుండి గిన్నెలు తీయువారు కలరు. వారి పనిని నిదానించి చూచినచో ఈ సామెత ఎంతవరకు నిలుచునో, ఎక్కడ నిలువదో తేటపడును.

పాత్ర అనగా గిన్నె. పాత్రుడనగా తగినవాడు. ఒకే మాటలో ఈ రెండర్థములు ఇమిడియుండుట ఊరక జరిగినది కాదు. తనలో ఉంచిన దానిని నిలుపుకొనునది పాత్ర. తనకిచ్చిన దానిని నిలుపుకొనువాడు పాత్రుడు. దీక్షకు పాత్రత, దానమునకు పాత్రత, పదవికి పాత్రత అని మనము మాటలాడునప్పుడెల్ల మన మనస్సులో ఎక్కడనో ఒక గిన్నె కదలుచునే యుండును. మరి పగిలినది నిలుపుకొనునా? పగిలిన దానిని పాత్రగా చేయవచ్చునా? చేసినచో దానిని ఏమని చెప్పి పరుల చేతికీయవలెను? ఇవి వడ్రంగి కొట్టములో ప్రతిదినము ఎదురగు ప్రశ్నలు. సమాజములో పెద్దరికము వహించినవారికిని ఇవి ఎదురగుచున్నవి. కాని వడ్రంగి వలె వారు వాటికి ఆ పూటనే సమాధానము చెప్పవలసిన పనిలేదు గనుక తప్పించుకొనుచున్నారు.

మొదట కొయ్య ఎందుకు పగులునో తెలిసికొనవలెను. బ్రతికియున్న చెట్టు నీటిమయము. కొన్ని జాతులలో కొయ్య బరువుకంటె దానిలోని నీటి బరువే అధికము. ఆ నీరు రెండు విధములుగా నుండును. సన్నని గొట్టములవంటి కణముల బోలులో నిలిచిన నీరు ఒకటి. ఆ కణముల గోడలలోనికే ఇంకియున్న నీరు రెండవది. చెట్టు పడిన పిదప బోలులోని నీరు ముందుగా పోవును. అది పోయినందువలన కొయ్య తేలికపడునే కాని ముడుచుకొనదు. తేమ, పొడికొయ్య బరువులో నూటికి ఇంచుమించు 30 పాళ్లకు దిగినప్పటినుండి గోడలలోని నీరు వెలికి వచ్చును. ముడుత అప్పుడు మొదలగును. ఆ ముడుతయు అన్నివైపుల సమముగా నుండదు. నిలువున దాదాపు లేదనియే చెప్పవచ్చును. బెరడునుండి నడిమి వైపునకు కొంత ఉండును. వలయముల వెంబడి దానికి ఇంచుమించు రెండింతలుండును. చుట్టుకొలత అంతగా కుదించుకొనజూచుచుండగా అడ్డుకొలత అందుకు ఒప్పుకొనదు. ఆ పెనుగులాటలో దుంగ ఎక్కడనో ఒకచోట విచ్చుకొనక తప్పదు. గుండ్రని దుంగపై పగులు బెరడువద్ద వెడల్పుగాను, నడిమికి పోనుపోను సన్నముగాను కనబడుటకు ఇదియే కారణము.

దీనికి తోడు కోసిన కొనలనుండి తేమ పోవు వేగము ప్రక్కలనుండి పోవు వేగమునకు ఇంచుమించు 10 రెట్లు. కొనలు ఎండి ముడుచుకొనుచుండగా లోపలి భాగము ఇంకను పచ్చిగానే యుండును. అందుచేత మొదటి బీటలు కొనలయందే పుట్టును. పూర్వులు ఇది ఎరిగినవారే. కొట్టిన దుంగల కొనలకు పేడ పూయుట, నీడలో పేర్చి నడుమ గాలి ఆడునట్లు బద్దలుంచుట, తొందరపడక ఆరనిచ్చుట వారి పద్ధతి. నేడు మైనమో రంగో పూయుచున్నారు. పలక అంగుళము మందమునకు ఒక సంవత్సరము ఆరవలెనని పాతకాలపు లెక్క. ఓర్పులేని ఈ దినములలో ఆ లెక్క ఎవరికిని గిట్టుటలేదు.

ఇంత వివరముగా చెప్పుటకు కారణము కలదు. ఏబది ఏండ్లు గాలికిని వానకును ఎండకును నిలిచినప్పుడు చెట్టు చీలలేదు. కొట్టి, బెరడొలిచి, నడియెండలో పారవేసిన కొన్ని వారములలో చీలినది. అట్టి కొయ్యను చూచి ఇది పనికిమాలిన కొయ్య అనుట ఎంత సులభము! తల్లిదండ్రులు పోయి దిక్కులేక తిరిగిన బాలుని, చిన్ననాటనే అప్పులవాని గడపలో పనికి కుదిరినవానిని, పెండ్లియైన మరుసటి సంవత్సరమే పుట్టింటికి పంపబడిన ఆడుబిడ్డను చూచి మనము చేయు తీర్పులు సాధారణముగా ఇట్టివే. ఎండలో పారవేసినది ఎవరని అడుగువారు లేరు. అయితే న్యాయముగా రెండవ పక్షమును కూడ చెప్పవలెను. ఒకే నీడలో, ఒకే కాలము ఆరబెట్టిన రెండు జాతుల కొయ్యలలో ఒకటి చీలును, ఒకటి చీలదు. కొయ్యకును తన స్వభావము కొంత యున్నది. అదియుగాక తప్పు ఎవరిదైనను పగులు మాత్రము ఉన్నది కొయ్యయందే. పనివాడు కొట్టినవానిని తిట్టుచు కూర్చున్నందున చీలిక పూడదు. నింద ఎవరిదని విచారించుట న్యాయమూర్తి పని కావచ్చును. పాత్రను చేయదలచినవాడు చీలిక ఎంత లోతున్నదని విచారింపవలెను.

ఇక పచ్చికొయ్యకును ఎండుకొయ్యకును గల భేదము. పచ్చికొయ్య ఉలికి వెన్నవలె తెగును. పొట్టు పొడవైన రిబ్బనువలె లేచి భుజముమీదుగా పోవును. పనివానికి అది ఆనందము. కాని పచ్చికొయ్యతో ఒకే మారు పలుచగా తీసిన గిన్నె ఆరునప్పుడు కోలగా మారును, ఒక్కొక్కప్పుడు చీలిపోవును. అందుచేత తెలిసినవారు దానిని మొదట మందముగా తీసి ఉంచుదురు. గిన్నె అడ్డుకొలతలో పదియవ వంతు మందముండవలెనని వారి అంచనా; 10 అంగుళముల గిన్నెకు 1 అంగుళము. తరువాత నెలల తరబడి ఆరనిచ్చి, కోలవారిన దానిని మరల తరిమెనకెక్కించి గుండ్రముగా తీయుదురు. పచ్చిదైనను రెండు జన్మలెత్తనిదే పాత్ర కాలేదన్నమాట. మొక్కనాడే వంచితిమి, ఇక భయము లేదనుకొను తల్లిదండ్రులు ఈ రెండవ మారును మరచుచుందురు.

ఎండుకొయ్య అట్లు కాదు. చింతచేవ, తుమ్మ, సండ్ర వంటివి ఎండినచో రాయివలె నుండును. చింతను గానుగకును, సండ్రను రోకలికిని, తుమ్మను బండిచక్రమునకును మన పెద్దలు వాడినది ఆ గట్టితనము చూచియే. అట్టి కొయ్యపై ఉలి పెట్టినప్పుడు పొట్టు రాదు, పొడి వచ్చును. ఉలి అంచు త్వరలో మొద్దువారును. పనివాడు నిమిషనిమిషమునకు సానరాయివద్దకు పోవలెను. ఇక్కడ ఒక ముచ్చట గమనింపదగినది. ఉలి మొద్దువారినప్పుడు నేర్పులేనివాడు బలముగా అదుమును. అదిమినకొలది నార చిట్లును, కొయ్య అదరును, ఉన్న పగులు పెద్దదగును. నేర్పుగలవాడు అదుముట మాని ఉలిని పదునుపెట్టుకొనును. గట్టికొయ్య పలుకుటలేదని తోచినప్పుడెల్ల లోపము కొయ్యలోనా, ఉలిలోనా అని మొదట చూచుకొనుట ఆ వృత్తిలో నియమము. బోధకులకును, వార్డెనులకును, ఇంటి యజమానులకును ఈ నియమమును ఎవరును నేర్పుటలేదు.

దిశయు ముఖ్యమే. గిన్నెకు బయటివైపు ఉలి అడుగునుండి అంచునకు నడువవలెను. లోపలివైపు అంచునుండి అడుగునకు నడువవలెను. అట్లు నడచినప్పుడు తెగు నారకు వెనుక మరియొక నార ఆసరాగా నుండును. ఎదురు నడిపినచో ఆసరాలేని నార పెరికివేయబడును. ఎండుకొయ్యలో ఆ గాయము ఉప్పుకాగితముతో ఎంత రుద్దినను పోదు.

ఇన్ని కష్టములున్నను ఎండుకొయ్యకు ఒక మేలున్నది. అది పడవలసిన పాట్లన్నియు పడి యున్నది. ముడుచుకొనవలసినంత ముడుచుకొనినది, చీలవలసినచోట చీలినది. దానితో తీసిన గిన్నె తరువాత అంతగా మారదు. ఏటికొప్పాక పనివారు అంకుడు కొయ్యను ఆరనిచ్చియే తరిమెనకెక్కించుట ఈ కారణముననే. అంకుడు మెత్తని కొయ్య, బొమ్మలకు తగినది. తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీ ఆనించినప్పుడు ఆ ఒరిపిడి వేడికే లక్క కరగి అంటుకొనును. మొగలి ఆకుతో దానిని సమముగా పరచి మెరుగు పెట్టుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. కాని మెత్తనికొయ్యకు చెల్లినది గట్టికొయ్యకు చెల్లదు గనుక మన ప్రస్తుత విషయమునకు వత్తము.

పగిలిన కొయ్యనంతటిని గిన్నె చేయవచ్చునా? చేయరాదు. ఇది మెత్తని మనస్సుగలవారికి రుచింపని సమాధానము. పది అంగుళముల దిమ్మ నిమిషమునకు 600 మార్లు తిరుగునప్పుడు దాని అంచు సెకనునకు ఇంచుమించు 26 అడుగుల వేగముతో పోవుచుండును. ఆ వేగమున పగులు విచ్చుకొని ఒక ముక్క ఊడివచ్చినచో అది ఎదుటివాని కన్నో ముఖమో తీసికొనిపోవును. కావున పనివాడు మొదట దిమ్మను తట్టి వినును. గట్టిది గణగణ మ్రోగును, లోపల చీలినది బొద్దుగా పలుకును. తరువాత తడిగుడ్డతో తుడుచును. పైతేమ ఆరిపోయినను పగులు వెంట తేమ సన్నని నల్లగీతగా నిలిచి దాగియున్న చీలికను చెప్పివేయును. కొననుండి పలుచని బిళ్ల కోసి వంచి చూచును. కంటికి కనబడని పగులుచోట అది విరుగును. అప్పుడు మరికొంత కోసివేసి మరల చూచును. దుంగను నడిమి బెండువెంట రెండుగా చీల్చి ఆ బెండును తీసివేయును. ఏలయన చాల పగుళ్లకు అదియే మూలము. వలయముల వెంబడి, ఉల్లిపొర విడిపోయినట్లు విడిన పగులు కనబడినచో ఆ దిమ్మను పొయ్యిలోనికే ఒప్పగించును. అంచునుండి లోపలికి పోయిన పగులును అతుకవచ్చును, ఆపవచ్చును. పొరలు విడినదానిని తరిమెనపై నమ్మరాదు. ఇన్ని చూచిన పిదపకూడ మొదటిమారు తిప్పునప్పుడు నిదానముగా తిప్పును, కంటికి అద్దము పెట్టుకొనును, దిమ్మకు సూటిగా నిలువక ప్రక్కకు నిలుచును.

పొయ్యిలోనికి పోయిన కొయ్యను చూచి అయ్యో వ్యర్థమైనదని మనము అనుకొందుము. ఇది కాయకమును ఎక్కువ తక్కువలుగా చూచు అలవాటువలన కలిగిన భావము. కల్యాణమున శరణుల గోష్ఠిలో మోళిగ మారయ్యగారు కట్టెలమోపులు అమ్మి జంగమ దాసోహము సాగించిరి. ఆయన కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చిన రాజనియు, ఆయన భార్య మహాదేవమ్మగారు పెట్టిన అంబలి త్రాగి బసవేశ్వరులు వారి దారిద్ర్యమునకు కరగి రహస్యముగా బంగారునాణెములు విడిచి రాగా ఆ దంపతులు వాటిని తమవిగా ముట్టనొల్లక జంగములకే ఇచ్చివేసిరనియు శరణచరిత్రలు చెప్పుచున్నవి. ఎండుకొయ్య, విరిగిన కొమ్మ, చీలిన మొద్దు, ఇవియే ఆ మహనీయుని సరకు. వేరొకరి అంబలి కాగుటకు మండిన కట్టె పాత్రకంటె తక్కువ పని చేయలేదు. అదియుగాక మన సామెతకు ఆయన జీవితమే ఒక ఎదురుమాట. సింహాసనముమీద పెరిగి పెద్దదైన మాను, తలపై మోపు నెత్తుకొనుటకు ఒప్పుకొనినది గదా!

ఇక్కడ ఒక చిక్కు వచ్చును. పాల్కురికి సోమనాథుడు రచించిన బసవపురాణములో, లింగములకు మారుగా వంకాయలు కట్టుకొని మోసమున వచ్చినవారిని బసవేశ్వరులు భక్తులుగానే ఎంచి ఆదరింపగా ఆ వంకాయలే లింగములైన కథ పాఠకులెరిగినదే. ఆయన వారి మెడలోని మూటలను విప్పి చూడలేదు. తట్టి వినలేదు. తడిగుడ్డతో తుడిచి దాగిన పగులును వెదకలేదు. కొయ్యపనివాడు మాత్రము తట్టక, తుడువక ముందుకు సాగరాదని మనము ఇప్పుడే చెప్పుకొంటిమి. మరి శరణమార్గమున నడుచువాడు ఎవరివలె ఉండవలెను?

నాకు తోచిన సమాధానమిది. దిమ్మను కొట్టములోనికి తెచ్చుట వేరు; తరిమెనకెక్కించుట వేరు. కొట్టములోనికి తెచ్చుటకు పరీక్ష అక్కరలేదు. దారిలో పడియున్న చీలిన మొద్దునైనను మంచి పనివాడు విడిచిరాడు. దానిలో ఏమున్నదో కోసి చూచినగాని తెలియదని అతడెరుగును. బెరడు చూచి కొయ్యను త్రోసివేయువాడు చేవను ఎన్నటికిని చూడలేడు. కాని తెచ్చిన ప్రతి మొద్దును తెచ్చిన దినముననే వేగముగా తిప్పుట దయ అనిపించుకొనదు. అది కొయ్యకును చేటు, తిప్పువానికిని చేటు. అట్లే మన సంఘములోనికి, మఠములోనికి, మన పంక్తిలోనికి ఒక మనిషి వచ్చునప్పుడు అతని పూర్వవృత్తాంతమును విప్పి చూచుటకు మనకు అధికారము లేదు. బసవేశ్వరులు చూపిన త్రోవ అది. అతనికి ఒక బాధ్యతను, ఒక పెట్టెతాళపుచెవిని, పదిమంది పిల్లల రక్షణను ఒప్పగించునప్పుడు మాత్రము అతడెంత భారము మోయగలడో చూడవలెను. ఆ చూపు అవమానము కాదు. మొన్ననే త్రాగుడు మానినవానిని తీసికొనివచ్చి ఉత్సవపు చందాపెట్టె ముందు కూర్చుండబెట్టుట అతనిమీద దయ చూపుట యని నేననుకొనను.

అయితే ఈ భేదమును ఆసరాగా చేసికొని మోసము చేయువారును కలరు. "మేము అందరిని ఆదరింతుము, కాని సమయము రావలెను" అని చెప్పి ఒక మనిషిని ఇరువది సంవత్సరములు కొట్టములోనే ఉంచువారు ఉన్నారు. పంక్తిలో చోటిత్తురు, మాటకు చోటీయరు. దీక్ష ఇత్తురు, పిల్లనీయరు. కొట్టములో మూలను పడియున్న కొయ్యకు మూడవనాటికి చెదపురుగు పట్టును; నాలుగవనాటికి "చూచితిరా, మేము మొదటనే చెప్పితిమి" అందురు. పరీక్షకు ఒక గడువుండవలెను. తట్టుటయు, తుడుచుటయు, కొన కోసి చూచుటయు ఒక పూట పని. అంతకుమించి పరీక్షించుచునే యున్నవాడు పని చేయనొల్లనివాడని తెలియవలెను.

ఇక పగులును ఏమి చేయవలెను? గిన్నె తీసిన పిదప అంచున ఒక చీలిక మిగిలినదనుకొందము. కొందరు ఆ కొయ్య పొడినే జిగురుతో కలిపి పూడ్చి, ఉప్పుకాగితముతో రుద్ది, నూనె పూసి, పగులు లేనట్లు చేయుదురు. పూర్వము వడ్రంగులు తోలుతో కాచిన జిగురును వాడెడివారు. అది నీటికి మెత్తబడును గనుక పాత్రకు పనికిరాదు. శరణుల వంటింటికి అసలే తగదు. లక్క వేడికి మెత్తబడును. నేటి ఎపాక్సీ జిగుళ్లు గట్టిగా నిలుచును. పూడ్చుటలో తప్పులేదు. చీలిక రెండు వైపులకు సీతాకోకచిలుక రెక్కలవంటి చిన్న కొయ్యబిళ్లను దిగగొట్టి అది ఇంక పెరుగకుండ బిగించుట మరింత మంచిపని; ఆ బిళ్ల కంటికి కనబడును, ఇక్కడ పగిలినదని దాచక చెప్పును. పూడ్చినదానిని పూడ్చలేదని చెప్పుట, లేదా చెప్పక ఊరకుండుట, అక్కడనే కాయకము కల్మషమగును. అట్టి గిన్నెలో మజ్జిగ పోసిన ఇల్లాలికి నాలుగు నెలలకు అడుగున చెమ్మ కనబడును. ఆమె మోసపోయినది గిన్నెవలన కాదు.

దాచుటకు సరిగా ఎదుటి దోషమొకటి ఈ కాలమున బయలుదేరినది. జపాను దేశమున పగిలిన మట్టిపాత్రలను ఒక చెట్టు పాలతో చేసిన జిగురుతో అతికి, ఆ అతుకుపై బంగారుపొడి చల్లి, పగులును దాచక గౌరవించు పద్ధతి ఒకటి కలదు. అది ఉదాత్తమైనదే. దానిని చూచి గాబోలు, కొయ్యపనివారిలో కొందరు పగుళ్లలో ఇత్తడిపొడియు రంగురాళ్ల పొడియు నింపుచున్నారు. చూచుటకు బాగుగానే యుండును. కాని ఆ పగులుకే ధర పలుకజొచ్చిన పిదప పగులు ఒక నగ అయినది. మనుష్యులలోను ఇది కనబడుచున్నది. తన పూర్వపు పతనమును సభలలో వర్ణించి వర్ణించి, ఎంత పతితుడైనవాడు ఎంత ఉద్ధరింపబడెనో అని చప్పట్లు కొట్టించుకొనువాడు తన పగులులో ఇత్తడిపొడి పోసికొనినవాడే. దాచినవాడు కొనువానిని మోసగించును. ఇతడు మొదట తన్ను తానే మోసగించుకొనును. ఈ రెండవదానిని నేను మొదటిదానికంటె తేలికగా తీసికొనలేకున్నాను, ఏలయన దీనికి వినయమను పేరు పెట్టబడుచున్నది.

పూజకు భిన్నపాత్ర తగదని శాస్త్రమున్నది గదా, పగిలి అతికిన గిన్నెలో విభూతి ఉంచవచ్చునా, పూవులుంచవచ్చునా అని ఆచారపరులు అడుగవచ్చును. ఆచారమును నేను తేలిక చేయను. నీరు కారు గిన్నెను అభిషేకమునకు వాడుడని ఎవరును చెప్పరు. కాని వీరశైవునకు ఇష్టలింగపూజలో అన్నిటికంటె ముఖ్యమైన పాత్ర ఏది? లింగమును ఉంచికొను పీఠము ఏది? కరస్థలము. బంగారముకాదు, వెండికాదు, తన ఎడమ అరచేయి. ఆ గోష్ఠిలో కూర్చున్నవారి అరచేతులు ఎట్టివో ఒకసారి తలచుకొనవలెను. మేదర కేతయ్యగారు వెదురు చీల్చినవారు. నులియ చందయ్యగారు గడ్డి కోసి త్రాళ్లు పేనినవారు. డోహర కక్కయ్యగారు తోళ్లు పదునుపెట్టినవారు. మడివాళ మాచయ్యగారు చవుటినీట బట్టలుతికినవారు. ఆ చేతులన్నియు ఎండి, కాయలు కాచి, పగిలిన చేతులే. వెదురుబద్ద కోసిన గాటును, చవుడు తిన్న నెర్రెలును అతికించుకొని రండని అల్లమప్రభువు ఎవరిని వెనుకకు పంపినట్లు వినలేదు. లింగము ఆ పగుళ్ల నడుమనే నిలిచినది. గిన్నెను గురించి సందేహించువారు ఆ చేతులను గురించి ఏమందురో!

చివరిగా ధర సంగతి. ఇది చిన్న విషయమని కొందరనుకొందురు గాని, కాయకము యొక్క నిజము ధరలోనే బయటపడును. చీలిన ఎండుకొయ్యతో గిన్నె తీయుటకు మంచి కొయ్యతో తీయుటకంటె రెట్టింపు శ్రమ. కోసి పారవేసినది ఎక్కువ, సానకు పోయిన సమయము ఎక్కువ, అతుకు ఆరుటకు ఆగిన దినములెక్కువ. కాని దాని ఉపయోగము తక్కువ. అందులో పండ్లుంచవచ్చును, పూవులుంచవచ్చును, విభూతి యుండలుంచవచ్చును, ఎండిన దినుసులుంచవచ్చును. చారు పోయరాదు, మజ్జిగ పోయరాదు, రాత్రంతయు నీటిలో నాననీయరాదు. శ్రమను బట్టి ధర చెప్పవలెనా, ఉపయోగమును బట్టి చెప్పవలెనా?

ఆయ్దక్కి మారయ్యగారు ఒకనాడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యపుగింజలు ఏరుకొని తెచ్చినప్పుడు ఆయన సతి లక్కమ్మగారు ఆ ఎక్కువను తెచ్చినచోటనే పోసి రమ్మనిన కథ మనకు ప్రమాణము. దినమునకు కావలసినంత కాయకము, అంతకు మించినది ఆశ. ఆ ప్రమాణమున చూచినచో పనివాడు తన దినపు కూలిని విడుచుకొనవలసిన పనిలేదు. తన శ్రమను కొనువానిపై కరుణాకథగా రుద్దవలసిన పనియు లేదు. పనిలో పట్టిన దినములకు తగిన కూలి లెక్కించి అడుగవచ్చును. అడుగుటకు ముందు గిన్నెను తిరుగవేసి అడుగు చూపవలెను. ఇచ్చట చీలినది, ఇచ్చట బిళ్ల వేసితిని, ఇది నీటికి కాదు అని చెప్పవలెను. కొనువాడు ఆ మాట విని ధర తగ్గింపుమని బేరమాడును; మాడనిమ్ము. తట్టి చూచును, చూడనిమ్ము. ఒకరిద్దరు మాటాడకయే క్రింద పెట్టి పోవుదురు. మూడవవాడు ఇంటిలో నిమ్మపండ్లుంచుకొనుటకు ఏదైన ఒకటి కావలెనని అదివరకే అనుకొనుచుండిన వాడు కావచ్చును.